ఎముకల మందుకు వాయిదా వద్దు

దివ్యఖుర్‌ఆన్‌లోని మర్యమ్ సూరా ఆరంభంలో జకరియ్యా ప్రవక్త (అలైహి) తన ప్రభువును ఏకాంతంగా వేడుకునే సందర్భం ఒకటి ఉంది. తాను ముదుసలినయ్యానని విన్నవించుకుంటూ ఆయన మొదట ప్రస్తావించినది ఎముకల బలహీనతను. తల నెరసిన సంగతి ఆ తరువాత వస్తుంది. ఈ క్రమం ఆలోచింపదగినది. నెరసిన జుట్టును లోకమంతా చూస్తుంది. లోపల సన్నగిల్లుతున్న ఎముకను మాత్రం ఎవరూ చూడలేరు. చాలా సందర్భాలలో ఆ మనిషికే తెలియదు.

ఎముకలు గుల్లబారే ఈ వ్యాధిని వైద్యులు ఆస్టియోపోరోసిస్ అంటారు. ఎముక విరిగేదాకా ఇది నొప్పి పెట్టదు, జ్వరం తేదు, ఆకలిని చెరపదు. దీనికిచ్చే మందుల స్వభావమూ అటువంటిదే. తలనొప్పి మాత్ర వేసుకుంటే గంటలో ఉపశమనం తెలుస్తుంది. ఎముకల మందు ఏళ్ల తరబడి వాడినా శరీరానికి తేడా ఏదీ తోచదు. అది చేసే మేలు విరగకుండా నిలిచిన ఎముకే. జరగని ప్రమాదాన్ని ఎవరు లెక్కపెడతారు? అందుకే “బాగానే ఉన్నాను కదా, ఈ నెల వద్దులే” అనే మాట ఈ వ్యాధిలో విన్నంతగా మరెక్కడా వినబడదు. వారానికొక మాత్ర మొదలుపెట్టినవారిలో దాదాపు సగం మంది ఏడాది తిరిగేలోగా మానేస్తున్నారని అనేక దేశాలలో జరిగిన పరిశీలనలు చెబుతున్నాయి.

ఆచరణలలో అల్లాహ్‌కు అత్యంత ప్రీతికరమైనవి, కొద్దివైనా సరే, నిలకడగా కొనసాగేవని దైవప్రవక్త (స) బోధించారు. రోగం వస్తే చికిత్స చేయించుకోవాలని కూడా ఆయనే ఆదేశించారు. ఈ రెండు బోధనలూ కలిసే చోటు ఎముకల చికిత్స. ఇందులో మందు ఎంత ముఖ్యమో దాని గడువూ అంతే ముఖ్యం.

ఎముక లోపలి లెక్క

ఎముక రాయి వంటిది కాదు. అది జీవమున్న కట్టడం. కొన్ని కణాలు పాత ఎముకను తొలగిస్తుంటాయి, మరికొన్ని అక్కడే కొత్త ఎముకను కడుతుంటాయి. ఈ మరమ్మతు ఎడతెగకుండా సాగి, సుమారు పదేళ్లలో అస్థిపంజరం చాలా వరకు కొత్తదవుతుంది. దాదాపు ముప్పై ఏళ్ల వయసుకు ఎముకలు తమ గరిష్ఠ దృఢత్వాన్ని చేరుకుంటాయి. ఆ తరువాత తొలగింపు మెల్లగా పైచేయి సాధిస్తుంది. స్త్రీలలో నెలసరి నిలిచిపోయాక ఈ నష్టం ఒక్కసారిగా వేగం పుంజుకుంటుంది. తొలి ఐదు నుంచి ఏడేళ్లలోనే ఎముక సాంద్రతలో ఐదో వంతు దాకా పోవచ్చు.

పురుషులకు ఇది రాదనుకోవడం పొరపాటు. ఉబ్బసానికో కీళ్లవాతానికో స్టెరాయిడ్ మాత్రలు నెలల తరబడి వాడినవారు, పొగతాగేవారు, డెబ్బై దాటినవారు కూడా దీని బారిన పడతారు. డెక్సా అనే స్కానింగ్‌తో ఎముక సాంద్రతను కొలుస్తారు. టీ-స్కోరు మైనస్ 2.5 గానీ అంతకన్నా దిగువన గానీ ఉంటే వ్యాధి ఉన్నట్లు. చిన్నపాటి జారుడుకే మణికట్టు, తుంటి లేదా వెన్నుపూస విరిగితే స్కోరు ఎంతున్నా దానిని వ్యాధి సూచనగానే భావించాలి. వయసులో ఉన్నప్పటి కన్నా ఎత్తు తగ్గడం, నడుము పైభాగం వంగి గూని రావడం కూడా తెలియకుండానే వెన్నుపూసలు నలిగాయనడానికి గుర్తులు కావచ్చు.

ఏ మందుకు ఏ గడువు

ఈ వ్యాధికి వాడే మందులన్నీ ఒక్క తీరువి కావు. తమకు లేదా తమ తల్లిదండ్రులకు రాసిన మందు ఏ కోవకు చెందినదో ప్రతి కుటుంబమూ తెలిసి ఉండాలి.

మొదటిది వారానికొకసారి వేసుకునే మాత్ర. అలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాములు, రైసెడ్రోనేట్ 35 మిల్లీగ్రాములు ఈ కోవలోనివి. నెలకొకసారి వేసుకునే ఐబాండ్రోనేట్ కూడా ఉంది. రెండవది జోలెడ్రోనిక్ ఆమ్లం. దీనిని ఏడాదికొకసారి, కనీసం 15 నిమిషాల పాటు, నరంలోకి సెలైన్‌లా ఎక్కిస్తారు. మూడవది డెనోసుమాబ్ 60 మిల్లీగ్రాముల ఇంజెక్షను. ఆరు నెలలకొకసారి చర్మం కింద ఇస్తారు. నాలుగవది టెరిపారటైడ్. ఇది కొత్త ఎముకను కట్టించే మందు. రోజూ తీసుకోవలసిన ఇంజెక్షను, సాధారణంగా రెండేళ్లకు మించి వాడరు. అది ముగిసిన వెంటనే మరొక మందు మొదలుపెట్టకపోతే కట్టిన ఎముక మళ్లీ కరిగిపోతుంది.

మొదటి రెండు రకాల మందులు ఎముకలోకి ఇంకి కొన్నేళ్ల పాటు నిలిచి ఉంటాయి. అందుకే మాత్రలు ఐదేళ్లు, జోలెడ్రోనిక్ ఆమ్లం మూడేళ్లు వాడాక వైద్యుడు మళ్లీ పరీక్షించి, ప్రమాదం తక్కువని తేలితే కొంతకాలం విరామం ఇస్తారు. ఈ విరామం విన్నవారు కొందరు “ఎముకల మందును మధ్యలో ఆపవచ్చు” అని అందరికీ సలహా ఇస్తుంటారు. డెనోసుమాబ్ విషయంలో ఆ సలహా హానికరం.

ఆరు నెలల ఇంజెక్షను: ఆలస్యం తగదు

డెనోసుమాబ్ ఎముకలో నిలిచి ఉండదు. రక్తంలో తిరుగుతూ, ఎముకను తొలగించే కణాలను అణచి ఉంచుతుంది. ఆరు నెలలు గడిచేసరికి ఆ పట్టు సడలుతుంది. మరుసటి మోతాదు అందకపోతే, అంతదాకా అణగి ఉన్న కణాలు మునుపటి కన్నా ఉద్ధృతంగా పనిలోకి దిగుతాయి. ఏళ్ల తరబడి సంపాదించుకున్న సాంద్రత ఒకటి రెండేళ్లలో హరించుకుపోతుంది. కొందరిలో ఒకటి కాదు, రెండు మూడు వెన్నుపూసలు వరుసగా నలిగిపోతాయి.

బ్రిటన్‌లోని రోగుల రికార్డుల ఆధారంగా 2020లో వెలువడిన ఒక అధ్యయనం ఈ సంగతిని స్పష్టం చేసింది. గడువుకు నాలుగు నెలలు మించి ఆలస్యం చేసినవారిలో వెన్నుపూసలు విరగడం, సమయానికి తీసుకున్నవారితో పోలిస్తే, దాదాపు నాలుగు రెట్లు ఎక్కువగా ఉంది. కాబట్టి గడువు తేదీకి నెల దాటనివ్వరాదు, అంటే గత ఇంజెక్షను నుంచి ఏడు నెలలు మించరాదు. ఖర్చు భరించలేకనో, మరే కారణంతోనో దీనిని ఆపవలసివస్తే, ముందుగానే వైద్యుడికి చెప్పి దాని స్థానంలో వేరే మందు మొదలుపెట్టాలి. చౌకగా దొరికే మందులూ ఉన్నాయి. చెప్పడానికి మొహమాటపడి మౌనంగా మానేయడమే అన్నింటికన్నా చేటు.

ఈ ఇంజెక్షనుకు ముందు రక్తంలో కాల్షియం, డి విటమిన్ తగినంత ఉన్నాయో లేదో చూసుకోవాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఈ పరీక్ష మరీ అవసరం. మందును 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. గడ్డకట్టనివ్వరాదు. మందుల దుకాణం నుంచి ఆసుపత్రికి తీసుకువెళ్లేటప్పుడు ఎండలో స్కూటరు డిక్కీలో పెట్టరాదు.

తేదీ గుర్తుంచుకునే విషయంలో మన ఇళ్లలో ఒక చిక్కు వస్తుంది. పెద్దలు “బక్రీద్‌కు వేయించుకున్నాను”, “మొహర్రంకు వేయించుకోవాలి” అని పండుగలతో లెక్క పెడతారు. చాంద్రమాన సంవత్సరం ఇంగ్లీషు సంవత్సరం కన్నా 10 లేదా 11 రోజులు చిన్నది. నెలల లెక్క ఏటా జరుగుతూ పోతుంది. మందుకు మాత్రం ఇంగ్లీషు తేదీనే పెట్టుకోవాలి. ఫిబ్రవరి 10న వేయించుకుంటే తరువాతది ఆగస్టు 10. ఈ రెండు తేదీలనూ గోడ క్యాలెండరు మీద, ఇంట్లో ఇద్దరి ఫోన్లలో రాసిపెట్టాలి. గడువుకు రెండు వారాల ముందే మందు తెప్పించే ఏర్పాటు, రక్త పరీక్ష పూర్తిచేసుకోవాలి.

జుమా నాటి మాత్ర

వారపు మాత్రకు ఒక రోజును నియమించుకోవాలి. మన ఇళ్లలో ఎవరూ మరచిపోని రోజు జుమా. సోమ, గురువారాల్లో నఫిల్ ఉపవాసాలు ఉండే పెద్దలకు కూడా శుక్రవారం ఆటంకం కాదు.

ఈ మాత్రకు నియమాలు కఠినమైనవి. అవి పాటించకపోతే మాత్ర వేసుకున్నా వేసుకోనట్లే. పరగడుపున, నిండు గ్లాసు మామూలు నీటితో మింగాలి. టీ, పాలు, పండ్లరసం, చివరకు ఖనిజ లవణాలున్న నీరు కూడా మందును ఎముక దాకా చేరనివ్వవు. జమ్‌జమ్ నీరు శుభప్రదమైనదే. అయితే అందులో ఖనిజాలు అధికం గనుక ఈ మాత్రకు మామూలు నీటినే వాడి, జమ్‌జమ్‌ను వేరొక వేళ సేవించండి. మాత్రను నమలరాదు, చప్పరించరాదు. మింగాక కనీసం అరగంట, ఐబాండ్రోనేట్ అయితే గంట సేపు, ఏమీ తినకుండా, పడుకోకుండా, నిటారుగా ఉండాలి. వంగినా పడుకున్నా మాత్ర అన్నవాహికలోకి ఎగదన్ని పుండు చేయవచ్చు.

అందువల్ల ఫజ్ర్ నమాజ్‌కు ముందు కాక, నమాజ్ ముగించుకున్నాక మాత్ర వేసుకోవడం మేలు. ఆ తరువాత కుర్చీలో నిటారుగా కూర్చుని ఖుర్‌ఆన్ పఠనం చేయవచ్చు. జుమా నాడు కహఫ్ సూరా పఠించే అలవాటున్న పెద్దలకు ఆ పఠనం పూర్తయ్యేసరికి దాదాపు అరగంట గడిచిపోతుంది. ఆపైన టీ తాగవచ్చు.

ఒక శుక్రవారం మరచిపోతే గుర్తొచ్చిన మరునాటి ఉదయం ఒక మాత్ర వేసుకుని, తిరిగి వచ్చే శుక్రవారం నుంచి యథాప్రకారం కొనసాగించాలి. ఒకే రోజు రెండు మాత్రలు ఎన్నడూ వేసుకోరాదు. మింగేటప్పుడు నొప్పి, గుండెలో మంట వస్తే మాత్ర ఆపి వెంటనే వైద్యుడికి చెప్పండి. మాత్ర పడనివారికి ఏడాదికొకసారి ఎక్కించే మందు ఉంది.

రమజాన్, హజ్, ఇద్దత్

గడువులు ఎక్కువగా తప్పేది ఈ మూడు సందర్భాలలో. మూడింటికీ మార్గముంది.

రమజాన్‌లో వారపు మాత్ర మానవలసిన పనిలేదు. రాత్రి భోజనం పెందలాడే ముగించి, ఆపైన ఏమీ తినకుండా ఉండగలిగినవారు సహరీ గడువుకు గంట ముందు లేచి మాత్ర వేసుకుని, అరగంట కూర్చుని జిక్ర్‌లో గడిపి, ఆ తరువాత సహరీ భుజించవచ్చు. తరావీహ్ తరువాత ఆలస్యంగా తినే అలవాటున్నవారికి ఇది సరిపడదు. వారు షాబాన్ నెలలోనే వైద్యుడిని కలిసి వేళ నిర్ణయించుకోవాలి. కాల్షియం మాత్రలను ఇఫ్తార్ తరువాతి భోజనానికి, సహరీకి పంచుకుంటే చాలు.

ఇంజెక్షను గడువు రమజాన్‌లో పడితే పండుగ దాకా ఆపనవసరం లేదు. పోషకాలు అందించని ఇంజెక్షను వలన ఉపవాసం భంగం కాదన్నది అధిక సంఖ్యాక ధార్మిక విద్వాంసుల అభిప్రాయం. సందేహమున్నవారు స్థానిక ఆలిమ్‌ను అడిగి, ఇఫ్తార్ తరువాత వేయించుకున్నా సరిపోతుంది. జోలెడ్రోనిక్ ఆమ్లం సంగతి వేరు. దానికి ముందూ తరువాతా నీరు బాగా తాగాలి, తొలి మూడు రోజుల్లో జ్వరం, ఒళ్లు నొప్పులు రావచ్చు. కాబట్టి దానిని రమజాన్‌కు ముందో తరువాతో పెట్టుకోవడం ఉత్తమం. వ్యాధిగ్రస్తులకు ఉపవాసం విషయంలో అల్లాహ్ సడలింపు ఇచ్చాడని అల్ బఖర సూరా స్పష్టపరుస్తోంది. వైద్యుడు వద్దన్నప్పుడు ఆ సడలింపును స్వీకరించడం విశ్వాస లోపం కాదు.

హజ్ యాత్రకు వెళ్లేవారు వారాల తరబడి ఇంటికి దూరంగా ఉంటారు. దరఖాస్తు చేసిన నాడే ఇంజెక్షను తేదీ చూసుకోవాలి. గడువు ఆ రోజుల్లో పడుతుంటే వైద్యుడితో మాట్లాడి ప్రయాణానికి ముందే సర్దుబాటు చేసుకోవాలి. జనసమ్మర్దంలో పడిపోయే ప్రమాదం ఉన్న ఆ దినాలకు ఎముకల రక్షణ తగ్గి ఉండరాదు.

మూడవది చాలామంది బయటకు చెప్పుకోనిది. భర్త మరణించిన స్త్రీ నాలుగు నెలల పది రోజులు ఇద్దత్ పాటిస్తుంది. డెనోసుమాబ్ వాడుతున్న స్త్రీకి గడువు ఆ కాలంలో పడే అవకాశం ఎక్కువ. దుఃఖంలో మందు మాట ఎత్తడానికి బంధువులు జంకుతారు, ఆమె కూడా “ఇద్దత్ పూర్తయ్యాక చూద్దాం” అంటుంది. చికిత్స వంటి అవసరానికి పగటివేళ బయటకు వెళ్లిరావడానికి ధర్మంలో అనుమతి ఉంది. అదీ కష్టమైతే, కాల్షియం పరీక్ష చూసి వైద్యుడు సరేనన్నాక, నర్సును ఇంటికి పిలిపించి వేయించవచ్చు. ఆ ఇంటి కొడుకులు, కూతుళ్లు, కోడళ్లు ఈ బాధ్యతను తమ మీద వేసుకోవాలి. భర్తను కోల్పోయిన తల్లికి నడుము విరిగే కష్టం కూడా తోడు కాకుండా చూడటం వారి చేతిలో ఉంది.

కాల్షియం, డి విటమిన్

కాల్షియం మాత్రలు వాడుతున్నాం గదా, ఇంకేం కావాలని కొందరనుకుంటారు. కాల్షియం ఇటుక వంటిది. ఇటుకలు కుప్ప పోసినంత మాత్రాన గోడ లేవదు. వ్యాధి ముదిరాక పైన చెప్పిన మందు, దానితోపాటు కాల్షియం, రెండూ ఉండాలి.

నెలసరి నిలిచిన స్త్రీకి రోజుకు సుమారు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. గ్లాసు పాలలో దాదాపు 240 మిల్లీగ్రాములు, 100 గ్రాముల రాగిపిండిలో దాదాపు 350 మిల్లీగ్రాములు ఉంటాయి. నువ్వులు, పెరుగు, ముళ్లతో తినగల చిన్న చేపలు, ఆకుకూరలు కూడా మేలు. మన ఇళ్లలో ఎముకలకు బలమని పాయా షోర్బా పెడుతుంటారు. అది రుచికరమే గానీ, ఎముకల నుంచి షోర్బాలోకి దిగే కాల్షియం స్వల్పం. దానిని నమ్ముకుని పాలు, రాగులు మానరాదు.

కాల్షియం మాత్రను ఒక్కసారికి 500 మిల్లీగ్రాములకు మించకుండా, భోజనంతో తీసుకోవడం మంచిది. వారపు మాత్ర వేసుకున్న ఉదయం కాల్షియాన్ని మధ్యాహ్నానికి వాయిదా వేయాలి. థైరాయిడ్ మాత్రకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి.

డి విటమిన్ 60,000 యూనిట్ల మోతాదు విషయంలో గడువు తప్పడం మరో విధంగా జరుగుతుంది. అది వారానికొకటి వేసుకోవలసినది. రోజువారీ మాత్రనుకుని ప్రతిరోజూ వేసుకుంటే రక్తంలో కాల్షియం మితిమీరి వాంతులు, మతిమరుపు, మూత్రపిండాలకు హాని కలుగుతాయి. చీటీ మీద “వారానికి ఒకటి” అని తెలుగులోనో ఉర్దూలోనో పెద్ద అక్షరాలతో రాసి డబ్బాకు అంటించండి.

పరదా పాటించే సోదరీమణులకు ఎండ తగలడం తక్కువ. పరదాకు భంగం లేకుండానే దీనికి ఉపాయముంది. ఇతరుల చూపు పడని పెరడు, మేడ మీద చాటు కట్టిన మూల, ఎండ పడే వరండా ఏదైనా సరే. చేతులు, కాళ్లు ఎండకు తెరచి, మధ్యాహ్నానికి అటూఇటూ ఇరవై ముప్పై నిమిషాలు వారానికి కొన్నిసార్లు కూర్చుంటే మేలు. అద్దాల కిటికీ వెనుక ఎండ దీనికి పనికిరాదు.

పడిపోకుండా, నమాజ్ తప్పకుండా

ఎముక విరగడానికి గుల్లబారడం ఒక కారణం, పడిపోవడం మరో కారణం. మన ఇళ్లలో వృద్ధులు ఎక్కువగా జారేది వుజూ చేసుకునే చోట, అదీ తహజ్జుద్, ఫజ్ర్ వేళ చీకటిలో. అక్కడ జారని చాప, గోడకు పట్టుకునే కమ్మీ, రాత్రంతా వెలిగే చిన్న దీపం ఏర్పాటు చేయండి. కూర్చుని వుజూ చేసుకోవడానికి గట్టి ఎత్తుపీట ఉంచండి. మడతపడిన తివాచీ అంచులు సరిచేయండి.

వెన్నుపూస నలిగినవారు ముందుకు బాగా వంగడం ప్రమాదకరం కావచ్చు. నిలబడి నమాజ్ చేయలేనివారు కూర్చుని, అదీ చేయలేనివారు పక్కకు ఒరిగి చేయవచ్చని దైవప్రవక్త (స) అనారోగ్యంతో ఉన్న తన సహచరుడు ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు అనుమతించారు. వైద్యుడు వంగవద్దంటే కుర్చీలో సైగలతో నమాజ్ చేయడానికి వెనుకాడవద్దు.

పన్ను తీయించుకోవలసివస్తే ఎముకల మందు వాడుతున్నట్లు దంతవైద్యుడికి ముందే చెప్పండి. అరుదుగా దవడ ఎముకకు హాని కలిగే అవకాశముంది. తొడలోనో గజ్జలోనో మొండి నొప్పి వస్తే ఎముకల వైద్యుడికి చూపించండి. ఈ అరుదైన ఇబ్బందులు విని భయపడి మందు మానేస్తే, అంతకన్నా ఎన్నో రెట్లు తరచుగా వచ్చే తుంటి విరుపును కొనితెచ్చుకున్నట్లే.

సంతానం చేయవలసినది

తల్లిదండ్రులలో ఒకరు గానీ ఇద్దరూ గానీ వార్ధక్యానికి చేరినప్పుడు వారితో ఎలా మెలగాలో ఖుర్‌ఆన్ బనీ ఇస్రాయీల్ సూరాలో నేర్పింది. వారి ముందు విసుగు మాట పలకరాదన్నది అందులో మొదటి పాఠం. మందు గుర్తుచేయడమూ ఆ సేవలో భాగమే, గుర్తుచేసే తీరులో విసుగు లేకుండా ఉండడమూ భాగమే. కువైట్‌లోనో రియాద్‌లోనో ఉన్న కొడుకు నెలనెలా పంపే డబ్బుతోపాటు అమ్మీ ఇంజెక్షను తేదీ కూడా తన ఫోనులో రాసుకోవాలి. ఆ వారం ఫోను చేసి, “అమ్మీ, పదో తారీఖున సూది ఉంది, చెల్లెలు తీసుకెళ్తుంది” అంటే చాలు. దగ్గరున్నవారు ఆసుపత్రి చీటీలు, డెక్సా నివేదికలు, ఇంజెక్షను తేదీలు ఒకే దస్త్రంలో భద్రపరచాలి. వైద్యుడు మారినా, ఊరు మారినా గడువు తప్పదు.

ఈ వ్యాసం చదివి పత్రిక మూసే ముందు ఒక పని చేయండి. మీ ఇంటి పెద్దల ఎముకల మందు పేరు, చివరగా ఎప్పుడు తీసుకున్నారు, మళ్లీ ఎప్పుడు తీసుకోవాలి అనే మూడు సంగతులు కనుక్కోండి. మూడింటిలో ఏ ఒక్కటి తెలియకపోయినా రేపే వైద్యుడిని అడగండి. గడువు దాటిపోయి ఉంటే ఇంకా జాగు చేయకండి. మన పెద్దలు తమ కాళ్ల మీద నిలబడి తమ ప్రభువును ఆరాధించే భాగ్యాన్ని అల్లాహ్ వారికి చివరిదాకా ప్రసాదించుగాక! ఆమీన్.